స్టీరింగు కింద చిన్న పిన్ను



మందిరం వ్యాన్‌కు ఏమైందని ఫోన్ చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పడం మా వల్ల కాలేదు. చెన్నైలో, హైదరాబాదులో, గల్ఫులో పనులు చేసుకుంటున్న మన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా విన్నారు. బ్రేకు ఫెయిలైందని కొందరు, టైరు పేలిందని కొందరు. రెండూ కాదు. స్టీరింగు పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవునికి స్తోత్రం. అయితే ఆ స్తోత్రం దగ్గరే ఆగిపోవడం మాకు ఇష్టం లేదు. అందుకని ఈ వారం ధ్యానం కొంచెం నట్లు, బోల్టుల మీద నడుస్తుంది. ఓపిక పట్టి చదవండి.

గుంతల్లో పడ్డప్పుడు వ్యాన్ ముందు భాగంలో టక్కు టక్కుమని శబ్దం వస్తుంటే హైవే మీద ఒక గ్యారేజీలో ఇచ్చాం. రెండు వైపులా టై రాడ్ ఎండ్లు అరిగిపోయాయి, మార్చాలన్నారు. మార్చారు. ఎలైన్‌మెంట్ చేశామన్నారు. బిల్లు తీసుకుని డబ్బు కట్టి బండి తెచ్చుకున్నాం. పన్నెండో రోజు సాయంత్రం బిట్రగుంటలో గృహకూడిక ముగించుకుని జువ్వలదిన్నెకు తిరిగి వస్తున్నాం. లోపల ఎనిమిదిమందిమి, అందులో ఇద్దరు చంటిబిడ్డల తల్లులు. రొయ్యల చెరువుల మధ్య రోడ్డు ఎట్లా ఉంటుందో మీకు తెలిసిందే. పక్కన కట్ట, కట్ట దిగితే నీళ్ళు. ఎదురుగా ఐస్ బండి వస్తుంటే డ్రైవర్ తమ్ముడు వేగం తగ్గించి ఎడమ పక్కకు తిప్పాడు. స్టీరింగు తిరిగింది. కుడి చక్రం తిరిగింది. ఎడమ చక్రం మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు బయటికి వాలిపోయి బండిని కట్ట మీదికి ఈడ్చుకుపోయింది. కట్ట మీది సర్కారు తుమ్మ చెట్టు మమ్మల్ని ఆపింది. అదే రోజు మధ్యాహ్నం నెల్లూరు వెళ్ళి హైవే మీద లారీల మధ్యనుంచి వచ్చాం. ఆ సంగతి ఇంటికి చేరాక గాని గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చాక ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మరునాడు పక్క ఊరినుంచి ఒక పెద్దాయనను పిలిపించాం. నలభై ఏళ్ళుగా లారీల కింద పడుకుని పనిచేసిన మనిషి. బండి కిందికి దూరి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చి, చేతిలో ఏమీ లేకుండా అరచెయ్యి చూపించాడు.

"పిన్ను లేదయ్యగారూ. ఇక్కడ అసలు పిన్నే లేదు."

మాలాంటివాళ్ళకు అర్థమయ్యేటట్టు ఆయన చెప్పిన మాటలే కొంచెం సర్ది రాస్తాం. స్టీరింగు తిప్పితే అడుగున ఒక కడ్డీ అటూ ఇటూ జరుగుతుంది. ఆ కడ్డీ కొసను చక్రానికి కలిపేది టై రాడ్ ఎండ్. అది మన భుజం కీలు లాంటిది. లోపల గుండ్రటి బంతి, దాని కిందనుంచి ఒక మేకులాంటి కాడ. ఆ కాడ చక్రం వైపున్న రంధ్రంలో దిగుతుంది, అడుగున నట్టు బిగిస్తారు. ఆ నట్టు మామూలు నట్టు కాదు. దాని అంచు కోట బురుజులాగా గాళ్ళు గాళ్ళుగా ఉంటుంది. కాడకు అడ్డంగా చిన్న బెజ్జం ఉంటుంది. నట్టు గాడి, కాడ బెజ్జం ఎదురెదురు వచ్చేలా బిగించి, అందులోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళు విప్పి వంచాలి. ఇక ఆ నట్టు తిరగదు. పిన్ను ఖరీదు టీ ఖరీదుకంటే ఎక్కువ కాదు.

"నట్టు బిగించినారు గదా, పిన్ను లేకపోతే ఏమి?" అని మన కుర్రవాడొకడు అడిగాడు.

"ఏందబ్బయ్యా అట్లంటావు? గుంతలో పడిన ప్రతిసారీ ఆ కుదుపు నట్టును తిప్పుతానే ఉంటది. రోడ్డే పానా పట్టుకోని విప్పుతది," అన్నాడు ఆయన.

ఎడమవైపు నట్టు అట్లాగే చుట్టు చుట్టు వదులై ఎక్కడో రోడ్డు మీద పడిపోయింది. కాడ మాత్రం కొంతసేపు రంధ్రంలో ఇరుక్కుని నిలబడింది, మేము నెల్లూరు వెళ్ళి వచ్చింది ఆ ఇరుకు మీదే. కుడివైపు చూస్తే నట్టు ఉంది గాని పిన్ను ఉండవలసిన బెజ్జంలో ఇనుప ముక్క ఒకటి మెలితిప్పి ఉంది. ఇంటి కప్పు వేసేటప్పుడు కడ్డీలు కట్టే తీగ! టై రాడ్ మధ్యలో పొడవు సరిచేసి బిగించే లాక్ నట్టు కూడా చేత్తోనే తిరిగింది. అది వదులైతే కడ్డీ తనంతట తాను మెలికలు వదిలి, ఎలైన్‌మెంట్ అంతా తప్పుతుందట. అంటే ఒక పొరపాటు కాదు. ఒక్క బండి మీద మూడు చోట్ల పని సగంలో వదిలేశారు.

ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నామంటే, మన ఊరివాళ్ళకు ఈ విషయం తెలియనిది కాదు. హార్బరు కట్టకముందునుంచీ మన మగవాళ్ళు సముద్రం మీదికి పోయేవాళ్ళే. చుక్కాని సరిగ్గా లేకుండా ఎవరైనా పడవ దింపుతారా? అలల దగ్గర ఇంజను ఎక్కించుకునే ముందు నట్లు ఎన్నిసార్లు తడిమి చూస్తారో మేము చూశాం. మన సంఘంలో వల బాగుచేసే ఒక తాత ఉన్నాడు. ముడి వేసిన ప్రతిసారీ బొటనవేలితో పట్టి ఒక గుంజు గుంజుతాడు. ఎవరూ చూడరు, అయినా గుంజుతాడు. ఎందుకంటే ఆ వల రేపు తన కొడుకే వేస్తాడు. యాకోబు తన పత్రిక మూడో అధ్యాయంలో అంత పెద్ద ఓడను తిప్పే చిన్న చుక్కాని సంగతి నాలుక గురించి చెప్పాడు గాని, ఆ పోలిక విన్నవాళ్ళలో ఓడ పని తెలిసినవాళ్ళు మరో భయంతో కూడా విని ఉంటారని మాకు అనిపిస్తుంది.

గ్యారేజీకి ఈ బంధం లేదు. పడవ బిగించినవాడు పడవ ఎక్కుతాడు. స్టీరింగు బిగించినవాడు మన బండి ఎక్కడు. బండి షెడ్డు దాటిన తరువాత అది ఎక్కడికి పోతుందో, లోపల ఎవరు కూర్చుంటారో అతనికి తెలియదు. కిందపడుకుని చేసే పని కాబట్టి బండి యజమానికి కూడా కనిపించదు. సీటు కవరు బాగా లేకపోతే గొడవ పెట్టుకుంటాం, స్ప్లిట్ పిన్ను సంగతి ఎవరు అడుగుతారు? ఇద్దరికీ కనిపించని చోట మిగిలేది అతని మనస్సాక్షి ఒక్కటే.

తీగ ముక్కను కవరులో వేసుకుని, బిల్లు తీసుకుని, సంఘ పెద్దలు ఇద్దరితో కలిసి ఆ గ్యారేజీకి వెళ్ళాం. యజమాని మర్యాదస్తుడే. తీగ చూడగానే ముఖం మారింది. "మా కుర్రోడు కొత్తోడు సార్, ఆ రోజు కరెంటు లేదు, బండ్లు వరసగా ఉన్నాయి" అన్నాడు. పనిచేసిన పిల్లవాడిని పిలిచాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. పిన్నుల డబ్బా ఖాళీ అయితే తెమ్మని చెప్పాడట, ఎవరూ తేలేదట. బండి సాయంత్రానికి ఇవ్వాలన్నారట. యజమాని ఆ పిల్లవాడి మీద చెయ్యి ఎత్తబోతే మేము అడ్డం పడ్డాం. పిన్నుల డబ్బా నింపవలసింది ఆ పిల్లవాడు కాదు.

డబ్బు మొత్తం వెనక్కి ఇస్తానన్నాడు యజమాని. మేము వేరే ప్రశ్న అడిగాం. పిన్నులు లేని ఆ రోజు ఇంకా ఎన్ని బండ్లకు ముందు భాగం పని జరిగింది?

అతను జవాబు చెప్పలేదు. పిల్లవాడు చెప్పాడు. రెండు. చేపల పెట్టెలు మోసే మినీ ట్రక్కు ఒకటి, ఒక స్కూలు వ్యాన్ ఒకటి.

వాళ్ళకు ఫోన్ చెయ్యమంటే యజమాని అరగంట ఒప్పుకోలేదు. "మీది మీకు చేసిస్తా గదా సార్, వాళ్ళకు చెబితే నా పేరేం గావాల? ఇంకెవరన్నా నా షెడ్డుకొస్తారా?" అన్నాడు. అతని భయం మాకు అర్థమైంది. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, షెడ్డు మీద అప్పు ఉంది. అయినా లేవలేదు, అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. చివరికి చేశాడు. స్కూలు వ్యాన్ గంటలో వచ్చింది. జాకీ ఎత్తి చూస్తే దానికి పిన్నులు ఉన్నాయి, కాని ఒకవైపు పిన్ను కాళ్ళు విప్పలేదు, ఊరికే దూర్చి వదిలేశారు. ఎప్పుడైనా జారిపోవచ్చు. ట్రక్కు డ్రైవరు ఆ రోజు చెన్నై లోడులో ఉన్నాడు. ఎక్కడున్నావో అక్కడే ఆపి చూపించుకో అని యజమానే అరిచి చెప్పాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఊరికి తిరిగి వచ్చాక మన విశ్వాసుల్లోనే కొందరు నొచ్చుకున్నారు. "అయ్యగారూ, దేవుడు కాపాడినాడు గదా, ఆయన్ను క్షమించి వదిలేస్తే సాక్ష్యంగా ఉండేది. పోయి పంచాయితీ పెట్టినట్టయింది" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కాని ఈ మాటను మేము ఒప్పుకోలేం, ఎందుకో చెప్పాలి.

క్షమించడం మా చేతిలో ఉన్నది. మాకు జరిగినదాన్ని మేము క్షమించాం, డబ్బు కూడా పని సరిచేయించినంతవరకే తీసుకున్నాం. కాని స్కూలు వ్యాన్‌లో కూర్చునే పిల్లల తరఫున క్షమించే హక్కు మాకు ఎవరిచ్చారు? నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు చట్టం చదవండి. ఎద్దు మొదటిసారి మనిషిని పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అది పొడిచే ఎద్దని అతనికి ముందే తెలియజేసినా కట్టెయ్యకపోతే లెక్క పూర్తిగా మారిపోతుంది, ప్రాణానికి అతనే బాధ్యుడు. అంటే తెలియజెయ్యడం అనే పని ఒకటి ఉంది. ఎవరో ఒకరు వెళ్ళి ఆ యజమానితో చెప్పాలి. చెప్పకుండా ఊరుకున్నవాడు శాంతికాముకుడు అనిపించుకోవచ్చు గాని, ఆ చట్టం ప్రకారం అతను ఎద్దును వదిలేసినట్టే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ కూడా ఇదే వరసలోది. దేవుడు కాపాడతాడులే, పిట్టగోడ ఎందుకని అక్కడ లేదు. దేవాలయ శిఖరం మీదినుంచి దూకమన్నప్పుడు, దూతలు పట్టుకుంటారని తెలిసినా ప్రభువు దూకలేదు.

పెద్ద కంపెనీలకైనా ఈ పని తప్పదు. 2023 జూలైలో మారుతి సుజుకి 87,599 బండ్లను వెనక్కి పిలిచింది. ఎస్‌-ప్రెసో, ఈకో రకాలు, 2021 జూలై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైనవి. కారణం ఇదే టై రాడ్. లోపమున్న భాగం అరుదుగా విరిగిపోవచ్చు, అప్పుడు స్టీరింగు మీద పట్టు పోవచ్చు అని వాళ్ళే ప్రకటించి, ఉచితంగా చూసి మారుస్తామన్నారు. మన చుట్టుపక్కల ఈకోలు చాలా ఉన్నాయి. ఆ తేదీల మధ్య బండి మీ దగ్గర ఉంటే, పాతది కొన్నా సరే, షోరూముకు ఫోన్ చేసి చాసిస్ నంబరు చెప్పి అడగండి. అంత పెద్ద కంపెనీ అన్నివేల మందిని పిలవగా లేనిది, హైవే మీది షెడ్డు ఇద్దరిని పిలిస్తే పేరు పోతుందా? మా లెక్కలో ఆ రోజు ఆ యజమాని పేరు కొంచెం పెరిగింది. అందుకే గ్యారేజీ పేరు ఎక్కడా రాయలేదు. దయచేసి మీరు కూడా ఊహించి ప్రచారం చెయ్యకండి.

ఇంకొక సంగతి, పనివాళ్ళ గురించి. చదువులేని కుర్రవాళ్ళ చేతిలో బండి పెడితే ఇంతేనని ఒకరు అన్నారు. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, 17,300 అడుగుల ఎత్తులో, పైలటు ముందున్న అద్దం ఊడిపోయింది. పైలటు సగం శరీరం బయటికి లాక్కుపోతే తోటి సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని ఉండగా, కో-పైలటు విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. ఆ పైలటుతో సహా అందరూ బతికారు. విచారణలో తేలిందేమిటంటే, అంతకుముందు రోజు తెల్లవారుజామున ఆ అద్దం మార్చినప్పుడు వేసిన 90 బోల్టుల్లో 84 కొంచెం సన్నవి, మిగిలిన 6 పొట్టివి. బిగించినది కొత్త కుర్రవాడు కాదు, అనుభవమున్న షిఫ్టు మేనేజరు. మనుషులు తక్కువున్న రాత్రి, వెలుతురు చాలని చోట, పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితోనే పోల్చి తీశాడు. పుస్తకంలో నంబరు చూసుకోలేదు. చదువు, అనుభవం రెండూ ఉన్న చేతులు కూడా తొందరలో ఇట్లా చేస్తాయి. అందుకే మేము ఆ పిల్లవాడి మీద కోపం పెట్టుకోలేదు. అతనికి నేర్పినవాళ్ళు, పిన్నులు కొననివాళ్ళు, సాయంత్రానికే కావాలని తరిమే కస్టమర్లు కూడా ఆ తీగ ముక్కను మెలితిప్పారు.

రెండో రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో యోవాషు రాజు మందిరం బాగుచేయించిన కథలో మాకు ఇష్టమైన ఒక చిన్న వివరం ఉంది. పనివాళ్ళకు ఇచ్చిన డబ్బుకు లెక్క అడగలేదట, వాళ్ళు అంత నమ్మకంగా పనిచేశారు కాబట్టి. వాళ్ళ పేర్లు అక్కడ లేవు. వడ్రంగులు, తాపీవాళ్ళు, రాళ్ళు చెక్కేవాళ్ళు, అంతే. మన సంఘంలో మెకానిక్కులు ఉన్నారు, వెల్డర్లు ఉన్నారు, బోటు ఇంజన్లు విప్పేవాళ్ళు, వైరింగు చేసేవాళ్ళు, కాంట్రాక్టు పనుల్లో కంకర కలిపేవాళ్ళు ఉన్నారు. మీరు వారమంతా బిగించేది ఆదివారం మేము చెప్పేదానికంటే ఎక్కువమంది ప్రాణాలను మోస్తుంది. ఇది పొగడ్త కాదు.

బండ్లున్నవాళ్ళకు పెద్దాయన చెప్పిన నాలుగు మాటలు. ముందు చక్రాల పని చేయించాక బండి నేరుగా పోతున్నా స్టీరింగు వంకరగా నిలబడినా, బండి ఒక పక్కకు లాగినా, స్టీరింగు తిప్పితే ముందుకంటే ఎక్కువ ఊరికే ఆడినా, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు టక్కుమన్నా, మళ్ళీ చూపించేదాకా దూరం పోవద్దు. బండి దించకముందే "పిన్నులు కొత్తవి వేశారా, కాళ్ళు విప్పారా?" అని అడిగి, ఫోను లైటు వేయించుకుని చూడండి. కొన్ని కొత్త బండ్లకు పిన్ను ఉండదు, లోపల ప్లాస్టిక్ రింగున్న నట్టు ఉంటుంది, దాన్ని ఒకసారి విప్పితే కొత్తదే వెయ్యాలి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. మన దగ్గర ఉప్పుగాలి, చేపల పెట్టెలనుంచి కారే ఉప్పునీళ్ళు కూడా ఉన్నాయి. టై రాడ్ ఎండ్ మీది రబ్బరు టోపీ చిరిగితే ఆ నీళ్ళు, ఇసుక లోపలికి పోయి కీలును తినేస్తాయి. లోపలి ఊళ్ళలో బండికంటే మన బండి త్వరగా చూపించుకోవాలి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేకపోతే కొంచెం తగ్గుతుందని చాలామంది వద్దంటారు. కాని ఆ కాగితం లేకపోతే పని అక్కడ జరిగిందని నిరూపించడమే కష్టం. వినియోగదారుల రక్షణ చట్టం, అంటే 2019లో వచ్చిన కొత్తది, గ్యారేజీ పనికి కూడా వర్తిస్తుంది. దాని కింద పనిలో లోపం సేవాలోపమే. రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు, మీరు ఉండే జిల్లాలోనే ఇవ్వవచ్చు. పని కోసం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. ముందు సలహా కావాలంటే 1915కు ఫోన్ చెయ్యండి. యజమాని ఒప్పుకోకపోయి ఉంటే మేము కూడా అదే చేసేవాళ్ళం. అది విశ్వాసానికి తక్కువ అని ఎవరూ అనుకోవద్దు.

ఈ నెల చివరి ఆదివారం ఆరాధన తరువాత పెద్దాయన మందిరం దగ్గరికి వస్తానన్నారు. వ్యాన్లు, కార్లు, టాటా ఏస్‌లు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, కిందికి దూరి చూసి చెబుతారు. జాకీలు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు మేము సిద్ధం చేస్తాం. పిన్నులు ఆయన తెస్తారు, వాటి డబ్బు మాత్రం అక్కడికక్కడే ఇచ్చెయ్యండి. మధ్యాహ్నానికి చేపల పులుసు, అన్నం ఉంటుంది. స్కూలు వ్యాన్ డ్రైవరు కూడా వస్తానన్నాడు. గ్యారేజీ పిల్లవాడిని పంపమని యజమానిని అడిగాం. ఆలోచించి చెబుతానన్నాడు.